ల్యాప్‌టాప్ కన్నా ముందు నాలుగు సీసాలు

రెండు లక్షల కిలోమీటర్లు దాటిన బండికి పవర్ పెంచుకుంటానంటే నవ్వేవాళ్లే ఎక్కువ. ఆ డబ్బుతో కొత్త కారుకు డౌన్‌పేమెంట్ కట్టుకోవచ్చుగా అంటారు. నేను మాత్రం నవ్వను, ఎందుకంటే ఆ పిచ్చి నాకూ ఉంది. మా ఇంట్లో డీజిల్ స్విఫ్ట్ ఒకటి ఏళ్ల తరబడి నడుస్తోంది. దాన్ని అమ్మే ఉద్దేశం లేదు, ఉన్నదున్నట్టు ఉంచాలనీ లేదు.

ఆ బండిలోని 1248 సీసీ ఇంజన్ అసలు ఫియట్‌ది. 2003లో మల్టీజెట్ పేరుతో యూరప్‌లో మొదలై, మన దగ్గర స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో వరకు చాలా బానెట్ల కిందికి చేరింది. 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చేసరికి మారుతి డీజిల్ కార్లకు స్వస్తి చెప్పింది. కాబట్టి ఇవాళ రోడ్డు మీద కనిపించే డీజిల్ స్విఫ్టుల్లో కొత్తది ఒక్కటీ లేదు. వాటిని ఇంకా నడుపుతున్నవాళ్లలో సగంమందైనా ఎప్పుడో ఒకప్పుడు రీమ్యాప్ గురించి, అంటే ల్యాప్‌టాప్‌తో ఇంజన్ సెట్టింగులు మార్చి పవర్ పెంచుకోవడం గురించి, ఆలోచించే ఉంటారు.

ఆశ పడటానికి కారణమూ ఉంది. స్విఫ్ట్‌లో ఈ ఇంజన్ ఇచ్చేది 75 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్. ఇదే ఇంజన్ ఫియట్ లీనియాలో 90 పైచిలుకు హార్స్‌పవర్ ఇచ్చింది. అయితే ఫియట్ ఆ పవర్‌ను ల్యాప్‌టాప్‌తో తేలేదు, టర్బోనే మార్చింది. ఇంజన్ వేగాన్ని బట్టి లోపలి రెక్కల కోణం మార్చుకునే రకం అది. రీమ్యాప్‌లో సామాను మారదు, ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌లో, అంటే ఈసీయూలో, ఉన్న అంకెలు మారతాయి: ఎంత డీజిల్ కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి.

కంపెనీ ఆ అంకెలను కొంచెం తగ్గించే పెడుతుంది. కల్తీ డీజిల్, మే నెల ఎండ, మార్చని ఫిల్టర్, సర్వీసు ఎగ్గొట్టే ఓనరు ఇలా అన్నిటికీ తట్టుకోవాలని వదిలిన మార్జిన్ అది. ట్యూనర్ మనకు అమ్మేది ఆ మార్జిన్‌నే. కొత్త బండిలో అది నిండుగా ఉంటుంది. రెండు లక్షలు తిరిగిన బండిలో కొంత ఈపాటికే ఖర్చయిపోయి ఉంటుంది. అందుకే ఎంత పెంచుతారని అడిగేకంటే ఎంత మిగిలిందని అడగడం మేలని నా అభిప్రాయం.

ఆ లెక్క ఎలా తేలుతుందో విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి దగ్గర చూశాను. రీమ్యాప్ సంగతి ఎత్తితే, ‘‘చేయిద్దాం లెండి సార్, ముందు రిటర్న్ చూద్దాం’’ అన్నాడు. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు ఊడదీసి, ఒక్కోదానికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి, నాలుగింటినీ నాలుగు సీసాల్లోకి వదిలాడు. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి పక్కన నిలబడ్డాం. మూడు సీసాల్లో డీజిల్ అడుగునే ఉంది. మూడో సిలిండర్ సీసాలో మాత్రం చకచకా పైకొస్తోంది.

ఈ ఇంజన్లో డీజిల్ వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో ఇంజెక్టర్లకు చేరుతుంది. అందులో కొద్దిగా లోపలి నుంచి జారి ట్యాంకుకు తిరిగి వెళ్లడం మామూలే. అరిగిన ఇంజెక్టర్‌లో ఆ జారేది ఎక్కువవుతుంది. ఒత్తిడి నిలబెట్టడానికి పంపు అవస్థ పడుతుంటే, ఈసీయూ మనకు తెలియకుండా సర్దుకుపోతుంది. పొద్దున్నే స్టార్టింగ్ కాస్త లేటవుతుంది, పికప్ కాస్త మందగిస్తుంది, బండి పాతదైందిలే అని మనమూ సరిపెట్టుకుంటాం. ఆ ఇంజెక్టర్‌తోనే రీమ్యాప్ చేస్తే ఈసీయూ ఇంకా ఎక్కువ ఒత్తిడి అడుగుతుంది. ఓవర్‌టేక్ మధ్యలో ఒత్తిడి పడిపోయి బండి తనంతట తానే పవర్ తగ్గించేసుకునే లింప్ మోడ్‌లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

తర్వాతవి త్వరగానే తేలాయి. ఐడిల్‌లో ఆయిల్ మూత తీసి పొగ గుప్పుమంటోందా అని చూశాడు. గుప్పుమంటే రింగులు అరిగినట్టు. టర్బో షాఫ్టును వేలితో కదిపాడు. అటూ ఇటూ రవ్వంత ఆడొచ్చు కానీ ముందుకూ వెనక్కీ కదలకూడదు. గాలి పైపుల జాయింట్ల దగ్గర ఆయిల్ చెమ్మ వెతికితే ఒక పైపు పగిలినట్టు తేలింది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి టైమింగ్ చెయిన్ గలగలమంటోందా అని విన్నాడు. ఆఖరున ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పితే, పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ నుంచి వచ్చిన మసి, ఆయిల్ ఆవిరి కలిసి లోపల తారులా పట్టేశాయి. ఇంజన్‌కు గాలి వెళ్లే దారే సగం పూడుకుపోయింది.

ఆ దారి శుభ్రం చేసి, ఇంజెక్టర్ బాగు చేయించి, పగిలిన పైపు మార్చాక, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు తేడా తెలిసింది. పవర్ పెంచకుండానే పికప్ వచ్చింది. అది కంపెనీ ఇచ్చి, మేము పోగొట్టుకున్న పికప్పే. అలాగని రీమ్యాప్ దండగ అనను. రెండు వేల ఆర్‌పీఎం లోపల టర్బో అందుకోక బండి నీరసించడం ఈ ఇంజన్ పుట్టు లక్షణం, రిపేరుతో పోయేది కాదు. ఒద్దికైన మ్యాప్ అక్కడ కొంత సాయపడుతుంది. కాకపోతే టార్క్ పెరిగేదీ అక్కడే గనుక ముందు దెబ్బ క్లచ్ మీద పడుతుంది. టాప్ గేర్‌లో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే, క్లచ్ ప్లేటు ఇప్పటికే జారుతోందన్నమాట. ఇక గాలికి మించి డీజిల్ కొట్టే మ్యాప్ అయితే వెనక నల్లపొగ, లోపల మితిమీరిన వేడి. ఆ వేడి భరించాల్సింది పాత పిస్టన్లు, పాత టర్బో.

చట్టం సంగతీ చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టింది. చెప్పకుండా చేయించుకుంటే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. చేయించుకునేవాళ్లు ఇది తెలిసే దిగాలి.

ట్యూనర్‌ను ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒకటే. ఎన్ని హార్స్‌పవర్ కావాలని అడిగేవాడికన్నా, క్లచ్ ఎప్పుడు మార్చారని అడిగేవాడు నయం. పాత ఫైల్ దాచిపెట్టి, పవర్ కొలిచే డైనో మీద ముందూ వెనకా రీడింగులు చూపిస్తే మరీ మంచిది. ఖర్చుల చిట్టా రాసుకునేటప్పుడు బ్రేకులు, టైర్లు, రేడియేటర్ పైపులు పై వరసలో పెట్టండి. ఇంజెక్టర్లు, మానిఫోల్డ్, క్లచ్ ఆ తర్వాత. రీమ్యాప్‌ను ఆఖరి వరసలో రాయండి. పై పనులన్నీ అయ్యాక నెలరోజులు నడిపి చూడండి. అప్పటికీ మనసు ఒప్పకపోతే ఆ ఆఖరి వరస సంగతి ఆలోచించవచ్చు.