బాటసారిని నిలిపే రాళ్లు

బెంగళూరు నుంచి హొసూరు మీదుగా కృష్ణగిరికి పోయే 44వ నంబరు జాతీయ రహదారిలో బండి ఆపడానికి కారణాలు బోలెడు. మామిడి కాలంలో రోడ్డు పక్కన బెంగళూర కాయల కుప్పలు. హొసూరు కొండమీద చంద్రచూడేశ్వరుడు. కాస్త లోపలికి పోతే తొరపల్లిలో 1878లో రాజాజీ పుట్టిన ఇల్లు. అయినా చాలామంది ఆగరు. హొసూరు నుంచి కృష్ణగిరి యాభై కిలోమీటర్లే కదా, గంటలో దాటేస్తారు. ఆ యాభై కిలోమీటర్లకు ఒక పగలంతా ఇవ్వండని అడగడానికే ఇది రాస్తున్నాను. పెద్దరోడ్డు దిగి పల్లెల వైపు మళ్లితే, చెరువుకట్ట మీదో, పొలిమేరలోనో, చింతచెట్టు నీడలోనో పసుపూ నూనే పట్టిన రాతిపలక మీకు ఎదురుపడుతుంది. అది వీరగల్లు. దారిన పోయేవాళ్లు ఆగి చూడాలనే దాన్ని అక్కడ నాటారు.

ఈ ఆగడం చాలా పాత అలవాటు. సంగం కవులు తమిళ నేలను ఐదు తీరులుగా చెప్పారు. అందులో ‘పాలై’ అంటే ఎండకు మాడిన నేల. కొండ, అడవి భూములే వానలు లేక ఎండిపోతే పాలై అవుతాయని పాత తమిళ కావ్యం శిలప్పదికారం చెబుతుంది. మనకున్న ఎడారి అదే. ఆ కవితల్లో పాలై దారులంటే దొంగల భయం, విరహం, వాటి పక్కన వీరుల రాళ్లు. ఆ రాళ్లకు నెమలి ఈకలు చుట్టేవారు, కల్లు పోసేవారు. వాటి మీది అక్షరాలను బాటసారులు నిలబడి చదివేవారు. కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతం ఆనాటి తగడూరు నేల, అదియమాన్ అనే నాయకుల ఏలుబడి. వాన తక్కువ, మేత ఎక్కువ. పశువులే ఆస్తి కాబట్టి పోరు కూడా వాటి కోసమే. విరాటపర్వంలో కౌరవులు చేసిన గోగ్రహణం మనకు కథ. ఈ పల్లెలకు అది తరచూ వచ్చిపడే ఆపద. మందను తోలుకుపోతుంటే అడ్డం పడి చనిపోయిన వాడికి ఊరు రాయి నిలిపింది.

నిలపడానికి ఒక పద్ధతి ఉంది. పాత తమిళ వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియం దాన్ని ఆరు మెట్లుగా చెప్పింది. తగిన రాయిని వెతికి చూడటం, దాన్ని తెచ్చుకోవడం, నీళ్లలో ముంచి శుద్ధి చేయడం, నాటడం, పెద్ద ఎత్తున నైవేద్యం పెట్టడం, చివరికి పొగడటం. తన కథానాయిక కన్నగి కోసం చేర రాజు హిమాలయం నుంచి రాయి తెచ్చి గంగలో స్నానం చేయించాడని శిలప్పదికారం చెప్పేది ఈ వరసనే. పల్లెవాళ్లకు హిమాలయం అక్కర్లేదు, చుట్టూ ఉన్నవన్నీ బండలే. ఇక్కడి నల్లరాయి పొరలు పొరలుగా లేస్తుంది. బండ మీద మంట పెడితే పొర వదులవుతుంది. వరసగా గుంతలు తొలిచి మేకులు దిగ్గొడితే గీత గీసినట్టు చీలుతుంది. చీలిన పలకను ముందువైపు మాత్రమే చదును చేస్తారు, వెనక అలాగే గరుకుగా వదిలేస్తారు. బొమ్మ గీసుకుని, దాని చుట్టూ ఉన్న రాతిని వేలెడు లోతు తగ్గిస్తే మనిషి పైకి తేలుతాడు. కింది మూర భాగం భూమిలోకి పోతుంది. కొన్నిచోట్ల మూడు వైపులా పలకలు నిలిపి, పైన ఇంకో పలక కప్పి చిన్న ఇల్లులా కడతారు.

చదవడం కష్టం కాదు. అంతస్తులు ఉన్న రాయైతే కింది నుంచి పైకి చదవాలి. కింద పోరు, నడుమ వీరుణ్ని చెరోవైపు పట్టుకుని తీసుకుపోయే అప్సరసలు, పైన లింగం ముందు కూర్చున్న అదే మనిషి. ఇంకా పాతవాటిలో ఈ స్వర్గం ఉండదు. ఒక్క మనిషే, చేతిలో విల్లూ కత్తీ, ఒంట్లో దిగిన బాణాలు, కాళ్ల దగ్గర గిండి, అద్దం లాంటి వస్తువు. పక్కన ఆవులుంటే మంద కోసం పడ్డాడని, పులి ఉంటే పులితో పోరాడి చనిపోయాడని. అక్షరాలుంటే వాటిదీ ఒక వరసే. ఏ రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు, ఎవరి కొలువు, ఏ ఊరు, ఎలా పడ్డాడు. రాజు పేరు తేదీ కోసమే, రాయి మాత్రం కాపలావాడిది. మన శాసనాల్లో ఎక్కువ భాగం దానం ఇచ్చినవాళ్ల గొప్పను మోస్తాయి. పశువులు కాసేవాడి పేరును పదమూడు, పధ్నాలుగు వందల ఏళ్లు మోసినవి ఈ రాళ్లే. నాకు వీటి మీద ఇంత ప్రేమ అందుకే.

రాళ్లు నిలిపింది మనుషులకే కాదు. కృష్ణగిరి డ్యాము దాటి దక్షిణ పినాకిని కిందికి పోతే తిరువణ్ణామలై జిల్లాలో ఎడుత్తనూరు రాయి ఉంది, పల్లవ మహేంద్రవర్మ కాలంది. యజమాని పోరులో పడ్డాక దొంగలను తరిమిన ‘కోవివన్’ అనే కుక్క, పేరుతో సహా అందులో ఉంది. విళుప్పురం వైపు అరసలాపురంలో ఒక పందెం కోడికీ రాయి నిలిపారు. హొసూరు రోడ్డుకు బెంగళూరు చివర, బేగూరు గుడిలో తొమ్మిదో శతాబ్దం చివరి నాటి చిన్న వీరగల్లు శాసనం ‘బెంగళూరు’ పోరులో పడినవాణ్ని తలుస్తుంది. అంత పెద్ద నగరం పేరు పాత రాతల్లో మొదట కనిపించేది ఒక చావు కబురులోనే.

మాస్తి రాళ్లు వేరు. మోచేతి దగ్గర వంచి పైకెత్తిన చేయి, దాని నిండా గాజులు, వేళ్ల నడుమ నిమ్మకాయ. మొగుడితో పాటు కాలిపోయిన ఆడమనిషి గుర్తు అది. వీటి ముందు ఊరివాళ్లు మొక్కుతారు. నాకు చేతులు జోడించాలనిపించదు, తలొంచాలనిపిస్తుంది. చాలావాటి మీద ఆమె పేరు కూడా ఉండదు. పాత కాలిబాటల పక్కన రెండు నిలువు రాళ్ల మీద తల ఎత్తున అడ్డంగా పరిచిన బండ కనిపిస్తే అదీ ఆడవాళ్ల గురించే. తమిళంలో సుమైతాంగి అంటారు. కడుపుతో ఉండి, కాన్పు కాకుండానే చనిపోయిన ఆమె కోసం అయినవాళ్లు దాన్ని కట్టించేవారు. ఆమె దించుకోలేని బరువుకు బదులుగా, తలమోపుతో నడిచే వాళ్లంతా ఒంగకుండా, ఒకరి సాయం లేకుండా తమ బరువును దాని మీదికి జరుపుకోవాలని. మనిషి దుఃఖాన్ని దారికి పనికొచ్చే వస్తువుగా మలచిన తీరు ఇంతకన్నా గొప్పది నేను చూడలేదు.

శూలగిరి ప్రాంతంలో మల్లచంద్రం గుట్ట ఎక్కితే ఇంకా వెనక్కి పోతాం. మోరల్ పారై అనే ఆ బండమీద ఇనుపయుగపు రాతి సమాధులు ఉన్నాయి. మన ఊళ్లలో ఇలాంటివాటిని పాండవుల గుళ్లంటాం. నాలుగు వైపులా పలకలు, పైన కప్పుబండ, ఒక పలకలో గుండ్రటి రంధ్రం, కొన్నింటి చుట్టూ నిలబెట్టిన రాళ్ల వలయం. కొన్నింటి లోపల తెల్లరంగు బొమ్మలు మిగిలాయి. నిధుల ఆశతో తవ్వి కూల్చినవీ ఉన్నాయి, చూస్తే కడుపు మండుతుంది. ఇనుపయుగం ఇక్కడ ఎంత పాతదంటే, ఈ జిల్లాలోనే మయిలాడుంపారైలో దొరికిన ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022లో ప్రకటించారు. వీరగల్లులకు కట్టిన ఆ రాతి ఇళ్లు ఈ పాత సమాధులను చూసి నేర్చుకున్నవేనని నా నమ్మకం.

ఈ సీమ మొరసునాడు. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, పొరుగున కన్నడం. హేమావతి నుంచి ఏలిన నొళంబ రాజుల చేయి ఇక్కడిదాకా సాగింది. పదమూడో శతాబ్దం చివర్లో హొయసల వీర రామనాథుడు ఇక్కడి కుందాణినే రాజధాని చేసుకున్నాడు. అందుకే రాళ్ల మీద ఒకటికి మించిన భాషలు. ఎన్నో వీరగల్లులు ఇప్పుడు వేడియప్పన్ అనే ఊరి దేవుడిగా పూజలందుకుంటున్నాయి. బొమ్మకు నూనె మెత్తుతారని చరిత్రకారులు నొచ్చుకుంటారు గానీ, పూజ ఉన్న రాయిని రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఎవరూ తోసేయలేరు. పూజ తప్పిన రాయే కల్వర్టు కింద పడుతుంది.

వెళ్లేవాళ్లు ముందు కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియం చూడండి. అక్కడ కన్ను అలవాటు పడ్డాక వేపనపల్లి వైపు, కుందాణి పక్కనున్న చిన్నకొత్తూరులో వీరగల్లుల గుంపు దగ్గరికి పొండి. మిట్టమధ్యాహ్నం వద్దు, నెత్తిన ఎండలో రాయి బల్లపరుపుగా కనిపిస్తుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఏటవాలు వెలుగు పడితే గీతలన్నీ లేస్తాయి. చీకటి పడితే టార్చిని రాతికి పక్కనుంచి ఆనించి పట్టండి. అక్షరాల్లో సుద్దముక్క రాయకండి, గీకకండి. చెప్పులు విడిచి, దగ్గర్లో పొలంలో ఉన్నవాళ్లను ఒక్కమాట అడిగి ముట్టుకోండి. ఆ రాయి ఎవరిదో, దానికి పొంగలి పెట్టేది ఏ ఇంటివాళ్లో వాళ్లే చెబుతారు.