కప్పల చర్మవ్యాధి: 81 శాతం అనగా ఎంత?

బ్రిటన్ కప్పలలో రానావైరస్ వ్యాధిని గురించి 2010లో ‘యానిమల్ కన్సర్వేషన్’ పత్రికలో ఒక పరిశోధన వ్యాసం వెలువడినది. రచయితలు టీచర్, కనింగ్‌హామ్, గార్నర్. (మొదటి ఇంటిపేరు మన పాఠకులకు నచ్చవచ్చును!) విద్యార్థులచేత చదివించదగిన వ్యాసమే. అయితే అందులోని 81 శాతం అనే అంకెను తొందరపడి చదువరాదు.

ముందు కొంత పూర్వకథ. 1980ల నుండి ఇంగ్లండులో ఇంటితోటల కుంటలలో కప్పలు కుప్పలుగా చచ్చిపడుతున్నవని ప్రజలు తెలిపినారు. కొన్నిటి చర్మంపై పుండ్లు, వ్రేళ్ళు ఊడిపోవుట. కొన్నిటికి లోపల రక్తస్రావం. కప్ప నీటిని నోటితో త్రాగదు, చర్మంద్వారానే పీల్చుకొంటుంది. చర్మం చెడితే దానికి బ్రతుకు లేదు. ఇటువంటి జబ్బును పూర్వం ‘ఎర్రకాలు’ అని పిలిచి, ఏరోమోనాస్ అనే బాక్టీరియాపై నేరం మోపేవారు. ఆ బాక్టీరియా మామూలు కుంటనీటిలోనూ, ఆరోగ్యంగా ఉన్న కప్పలమీద కూడా ఉంటుంది. శవంపై కన్పించినంతమాత్రాన అదే చంపినదనుట ఎట్లా? 1996లో కనింగ్‌హామ్ బృందం చచ్చిన కప్పలను శోధించి, పుండ్లలో వైరస్ కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూపినది. తరువాత ఆరోగ్యమైన కప్పలకు ఆ వైరస్ సోకించి వ్యాధిని పుట్టించినారు. ఈ భాగంలో వంక పెట్టవలసినది లేదు.

ఇక 81 శాతం. ఏటేటా చావులు తిరిగి వచ్చిన కుంటలలో, 12 సంవత్సరాలలో పెద్దకప్పల సంఖ్య తగ్గిన మేరకు ఇది మధ్యగతం. నూరు కప్పలున్న కుంటలో 19 మిగిలినవన్నమాట. సగం కుంటలలో నష్టం ఇంకా ఎక్కువ, సగంలో తక్కువ. బ్రిటన్ కప్పలన్నిటిలో 81 శాతం పోయినవని రచయితలు ఎక్కడా అనలేదు. అట్లా చదివితే తప్పు మనదే.

మా సందేహం మరొకచోట ఉన్నది. ఎక్కువ కప్పలున్న కుంటలే ఎక్కువ నష్టపోయినట్లు కన్పించినదట. రద్దీగా ఉన్నచోట అంటువ్యాధి బాగా ప్రాకుననవచ్చును. కాని మరొక కారణం కూడా ఉండవచ్చును. ఒక పరీక్షలో అత్యధిక మార్కులు వచ్చినవారిని ఏరి, తరువాతి పరీక్షలో చూస్తే వారి సగటు కొంత దిగుతుంది. చదువు చెడినందువల్ల కాదు. మొదటి లెక్కనాడు కప్పలు అసాధారణంగా కిక్కిరిసిన కుంట కూడా అంతే. పైగా చావులను గమనించి తెలిపేది మనుషులు. పది కప్పలు చస్తే కనబడుతుంది, ఒకటి చస్తే కొంగ ఎత్తుకొనిపోతుంది.

రచయితలు వ్యాధిలేని కుంటలతో పోల్చి చూచినారు. అక్కడ సంఖ్య మారలేదు. ఈ వ్యాసానికి బలమంతా ఈ పోలికలోనే ఉన్నది. నా సందేహం దీనితో చాలావరకు తీరుతుంది, పూర్తిగా కాదు. తమ నిర్ణయాన్ని కూడా వారు అదుపులో పెట్టి, ఈ తగ్గుదలకు వైరసే మేలైన వివరణగా కన్పిస్తున్నదని మాత్రమే వ్రాసినారు.

కొన్ని కుంటలలో వ్యాధి వచ్చి పోయినది, కొన్నిటిని తుడిచిపెట్టినది, మరికొన్నిటిలో ఏటేటా చావులు వచ్చినా కప్పలు నిలిచి ఉన్నవి. ఒకే వైరస్‌కు ఇన్ని ఫలితాలెందుకు అనే ప్రశ్నకు 81 అనే అంకెలో జవాబు లేదు.