పాఠములోని బెంజీను, బంకులోని బెంజీను

పెట్రోలు బంకులలో స్తంభమునకు తగిలించిన హెచ్చరిక బోర్డును నిదానముగా చదివినవారు తక్కువ. పొగ త్రాగరాదు, ఇంజను ఆపవలెను, సెల్ ఫోను వాడరాదు - సాధారణముగా అందుండునది ఇంతే. ఈ వాక్యములన్నియు నిప్పును గూర్చినవే. నిప్పును గూర్చి హెచ్చరించుట తప్పని ఎవరును అనరు. పెట్రోలు ఆవిరి గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్లు కలిసినను అంటుకొనగలదు. కాని ఆ ఆవిరినే రోజుకు ఎనిమిది గంటలు, కొన్నిచోట్ల పండ్రెండు గంటలు పీల్చుచు నిలబడు మనిషిని గూర్చి బోర్డునందు ఒక్క మాటయు కానరాదు. దానిని వ్రాసినవారి దృష్టిలో బంకునందు కాలిపోగల సరకున్నది, వాహనములున్నవి. ఊపిరితిత్తులు మాత్రము లేవు.

లోపము బోర్డుదే యైనచో ఈ వ్యాసముతో పనిలేదు. మన పాఠములలోను ఇదే లోపమున్నది. కర్బన సమ్మేళనముల పాఠము వచ్చినప్పుడు బెంజీను ఒక అందమైన షడ్భుజిగా నల్లబల్లపై వెలయును. 1825లో మైకేల్ ఫారడే దీపపు వాయువు మిగిల్చిన నూనెనుండి దానిని వేరుచేసెననియు, 1865లో కెకూలే దానికి వలయ నిర్మాణమును ప్రతిపాదించెననియు చెప్పుదుము. పాము తన తోకను తానే కరచుకొన్న కల కథను కూడ చెప్పి పిల్లలను నవ్వింతుము. అంతటితో గంట కొట్టుదురు. ఆ షడ్భుజియే బడి యెదుటి బంకులో ప్రతి స్కూటరు టాంకులోను పడుచున్నదని మాత్రము చెప్పము. పైగా ఈ కుటుంబమునకు ‘ఏరోమాటిక్’ అని పేరు. సువాసనగలది అను అర్థమిచ్చు ఆ పేరు విని, ఇది ఏదో అత్తరు జాతి పదార్థమని విద్యార్థి అనుకొన్నచో ఆ తప్పు వానిది కాదు.

మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న భారత్ స్టేజి 6 ప్రమాణము ప్రకారము పెట్రోలులో బెంజీను ఘనపరిమాణమున నూటికి ఒక పాలు మించరాదు. అనగా లీటరునకు 10 మిల్లీలీటర్ల వరకు ఉండవచ్చునన్నమాట. ఇది స్వల్పమే గదా యనిపించును. అది గాలిలోనికి ఎట్లు వచ్చుచున్నదో చూచినచో స్వల్పమని తోచదు. ఖాళీ సీసాలో నీరు పోయునప్పుడు బుడబుడమని గాలి బయటికి వచ్చును. టాంకులో అయిదు లీటర్లు పోసినప్పుడు అయిదు లీటర్ల గాలి బయటికి రావలసినదే. అది వట్టి గాలి కాదు, ఆవిరి నిండిన గాలి. మోటారుసైకిలు టాంకు మూతి ఆకాశమువైపు తెరచియుండును. పోయువాడు ఎంత నిండినదో చూచుటకు వంగి లోనికి చూచును. ‘ఫుల్ టాంకు’ అని అడిగినవారు చివరి బొట్టువరకు పోయుమందురు. ఒలికినదానిని గుడ్డతో తుడుచుట, ఆ గుడ్డ భుజముననో జేబులోనో ఉంచుకొనుట మామూలు. ఆవిరి గాలికన్న బరువైనది గనుక త్వరగా పైకి పోదు. బెంజీను అణుభారము 78, గాలిది సగటున 29. నిష్పత్తి విద్యార్థులే కట్టగలరు. ఎండ దీనికి తోడు. బెంజీను ఆవిరి పీడనము 20 డిగ్రీలవద్ద సుమారు 75 మిల్లీమీటర్లు, 40 డిగ్రీలవద్ద సుమారు 180. మే నెల మధ్యాహ్నమున మన జిల్లాలలో బంకు ఎట్లుండునో ఊహింపవచ్చును.

పీల్చిన బెంజీనులో దాదాపు సగము రక్తములో చేరును. చిత్రమేమనగా, దానిని విరిచి బయటికి పంపవలెనని కాలేయము చేయు ప్రయత్నమే కీడునకు మూలము. ఫినాలు, హైడ్రోక్వినోను మొదలగునవి పుట్టి ఎముకల మజ్జను చేరును. రక్తకణములు తయారగు ఆ కార్ఖానా అక్కడ దెబ్బతినును. 1897లోనే శాంటెసన్ అను స్వీడను వైద్యుడు సైకిలు టైర్ల కర్మాగారములో పనిచేసిన యువతులకు మజ్జ ఎండిపోయి రక్తహీనతచే మరణము సంభవించుటను వర్ణించెను. 1970 దశకమున ఇస్తాంబుల్ నగరపు చెప్పులు కుట్టువారిలో లుకేమియా హెచ్చుగానుండుటను అక్సోయ్ బయటపెట్టెను. వారు వాడిన జిగురులో బెంజీను ఉండెడిది. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ బెంజీనును చిరకాలముక్రిందటనే మానవులకు కాన్సరు కలిగించు మొదటి తరగతిలో చేర్చినది. 2025లో పెట్రోలునే ఆ తరగతిలో చేర్చినది. 1989లో దానిని ‘కలిగింపవచ్చును’ అను అనుమానపు తరగతిలో మాత్రమే ఉంచినది.

ఈ విషయముపై వచ్చు జనరంజక వ్యాసములనుగూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. కొన్ని యింకను సీసమునే ప్రధాన శత్రువుగా వర్ణించుచున్నవి. మన దేశమున పెట్రోలులో సీసము కలుపుట 2000 ఫిబ్రవరినుండి నిలిచిపోయినది. సీసము తీసినపిమ్మట ఇంజను కొట్టుకొనకుండ ఆక్టేను సంఖ్యను నిలుపుటకు తోడ్పడువానిలో ఏరోమాటిక్ ద్రవములు ముఖ్యమైనవి. కావుననే బెంజీనుకు హద్దు గీయవలసివచ్చినది. మరికొన్ని వ్యాసములు ఇందుకు విరుద్ధముగా, బంకులోనికి అడుగిడినంతనే కాన్సరు వచ్చునన్నట్లు భయపెట్టును. రెండు నిమిషములు నిలిచి పోవువానికిని, ఏండ్ల తరబడి నిలిచియుండువానికిని తేడా చూపని రచన ఎవరికిని ఉపకరింపదు. మోతాదు అనగా గాఢతయు కాలమును కలిసినది. భయము కొనువాడు పడుచున్నాడు, ప్రమాదము పోయువానిది.

ఉపాయములనుగూర్చిన పొరపాటు ఇంకను పెద్దది. పనివానికి గుడ్డ మాస్కు ఇచ్చి రక్షణ కల్పించితిమనుట కలదు. గుడ్డ గాని, ధూళికొరకు చేసిన మంచి మాస్కు గాని కణములను ఆపును. ఆవిరి అణువులు వానిగుండ హాయిగా పోవును. వానిని పట్టుటకు ఉత్తేజిత కర్బనము నింపిన డబ్బీ గల శ్వాసపరికరము కావలెను. దానిని మన వేసవిలో రోజంతయు ధరింపుమనుట న్యాయము కాదు. సరియైన పని పంపువద్దనే జరుగవలెను: నాజిలువద్దనే ఆవిరిని పీల్చి భూగర్భ టాంకులోనికి తిరిగి పంపు ఏర్పాటు. పెద్దయెత్తున అమ్మకములు గల బంకులకు దీనినిగూర్చి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో మార్గదర్శకములు ఇచ్చినది. చిన్న ఊళ్ల బంకులలో పోయువాని ముక్కు పెద్ద బంకులవాని ముక్కుకంటె భిన్నమైనదా అని అడుగవలసియున్నది. ఇక వాసనను నమ్ముకొనుట వృథా. కొంతసేపటికి ముక్కు అలవాటుపడును. అదియుగాక బెంజీను వాసన తెలియునప్పటికే మంచి ప్రమాణములు చెప్పు హద్దు దాటియుండును.

ఆ హద్దులను ఒక లెక్కగా తరగతిలో ఇచ్చుట మేలు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ పనివేళకు సిఫారసు చేయునది పది లక్షల పాళ్ల గాలికి 0.1 పాలు బెంజీను. 25 డిగ్రీలవద్ద ఒక మోలు వాయువు 24.45 లీటర్లు ఆక్రమించును గనుక ఇది ఘనమీటరునకు సుమారు 320 మైక్రోగ్రాములు. 2009 నాటి మన జాతీయ ప్రమాణము ప్రకారము ఊరిగాలిలో బెంజీను సంవత్సరపు సగటు 5 మైక్రోగ్రాములు మించరాదు. అనగా పనివానికి క్షేమమని చెప్పు హద్దే ఊరివారి హద్దునకు 64 రెట్లు. ఒకటి పనివేళకు, మరియొకటి సంవత్సరపు సగటునకు గీసినవి గనుక రెంటిని సూటిగా పోల్చరాదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు, నిజమే. కాని పనివాడును సాయంకాలము ఆ ఊరిలోనికే పోవునని వారు కూడ ఒప్పుకొందురు.

ఈ లెక్క వేయించు ఉపాధ్యాయులు ఒకటి గుర్తుంచుకొనవలెను. బంకులో పనిచేయు అన్నయో తల్లియో గల విద్యార్థి ఆ తరగతిలో కూర్చుండియుండవచ్చును. వాడు ఇంటికి పోయి చెప్పదగినవి కొన్ని కలవు: రబ్బరు గొట్టముతో పెట్రోలును నోట పీల్చరాదు, గ్రీజు చేతులను పెట్రోలుతో కడుగరాదు, తడిసిన చొక్కాను వెంటనే మార్చవలెను, పోయునప్పుడు గాలి వీపువైపునుండి వచ్చునట్లు నిలువవలెను. పెట్రోలు మ్రింగినవానిచే వాంతి చేయింపరాదు, అది ఊపిరితిత్తులలోనికి పోవును, ఆసుపత్రికే తీసికొనిపోవలెను. సంవత్సరమునకొకమారు రక్తకణముల లెక్క తీయించుట పెద్ద ఖర్చు కాదు, ప్రభుత్వ ఆసుపత్రులలోను చేయుదురు. తెల్లకణములు తగ్గుచున్నవని ఆ కాగితము ఏటికేడు చూపినచో, మనిషి కూలబడకముందే వైద్యుడు కారణము అడుగును. అప్పుడు తాను బంకులో పనిచేయుచున్నానని రోగి తప్పక చెప్పవలెను.