గ్రంథలోపవిచారము

గ్రంథాలయములందుఁ బ్రాఁతవడినవియు, పాఠకు లెవ్వరు నడుగనివియు నగు పుస్తకములను దొలఁగింపవలయునని గ్రంథాలయశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. బీరువాలు పరిమితములు, క్రొత్త పుస్తకములు వచ్చుచునే యుండును. గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణివంటిదని 1931లో రంగనాథన్‌గారు తమ పంచసూత్రములలోఁ గడపటిదానఁ జెప్పిరి. పెరుగు శరీరము జీర్ణమైనదానిని విడుచుట సహజమే. ఒకే ముద్రణమునకుఁ జెందిన పదేసి ప్రతులను, గడచిన పరీక్షల ప్రశ్నోత్తరమాలికలను దాఁచుటవలన లాభము లేదు. ఇంతవఱకు వివాదము లేదు.

అయినను “అడుగఁబడనిది యక్కఱలేనిది” యను హేతువు నిలువదు. నన్నెచోడుని కుమారసంభవము దీర్ఘకాలము మఱుఁగున నుండెను. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో దానిఁ బ్రకటించిన పిమ్మటఁ గదా నన్నయకుఁ బూర్వకవిత్వమును గూర్చిన చర్చ ప్రబలినది! చదివినవారి సంఖ్యయే ప్రమాణమైనచో నా ప్రతి యేనాఁడో బయటఁ బడవేయఁదగినదే యగును.

మా నిర్మల ప్రాంతమున నీ విషయము మఱింత విచారణీయము. 1948 వఱకు నిది నిజాము రాజ్యములోనిది; రాజకార్యములును ఉన్నతవిద్యయు ఉర్దూభాషలో నడచెను. నేఁటి తెలుఁగు విద్యార్థులలోఁ బలువు రా లిపి నెఱుఁగరు. కావున నాఁటి పాఠ్యపుస్తకమును, ప్రభుత్వనివేదికయుఁ జేతఁ బట్టువా రరుదు. కాని యీ సీమలోని బడుల చరిత్రకును భూముల చరిత్రకును నవియే సాక్ష్యములు. తెలంగాణమునఁ గవులు లేరను నిందకు సమాధానముగా 1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు 354 కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అట్టి గ్రామకవుల చిన్నపుస్తకములను “ఎవ్వరు నడుగుట లే” దని త్రోసివేసినచో, నా నిందకు మనమే మరల సాక్ష్యము కల్పించిన వార మగుదుము.

పాణినీయమున లోపమనఁగా నాశము గాదు, అదర్శనము మాత్రమే. ప్రత్యయము లోపించినను దన్నిమిత్తకమగు కార్యము నిలుచును. గ్రంథలోపమును నిట్లే యుండవలయును. పుస్తకము పఠనశాలనుండి తొలఁగవచ్చును. పట్టికలో దాని పేరు నిలువవలయును. ఒక ప్రతియైన జిల్లా కేంద్రమునఁ గాని రాజధానిలోఁ గాని భద్రముగా నుండవలయును. ఏకప్రతులను, స్థానికరచనలను నెట్టి లెక్కచేతను దొలఁగింపరాదు. తొలఁగింపుపట్టికను ముందుగాఁ బ్రకటించి, ఆయా భాష లెఱిఁగిన స్థానికపండితులకుఁ జూపవలయును.

ప్రతి పుస్తకమునకును బాఠకుఁడు గలఁడనుట రంగనాథన్‌గారి మూఁడవ సూత్రము. ఆ పాఠకుఁ డింకను జన్మింపకపోవచ్చును. కడపటి సూత్రము నుదాహరించువారు దీనిని గూడఁ జదువుదురుగాక.