మేట్ లేని పడవ

ఆర్థర్ రాన్సమ్ 1930లో రాసిన 'స్వాలోస్ అండ్ అమెజాన్స్' ఆడపిల్లల చేతికి పడవనిచ్చిన పిల్లల నవలగా పేరు తెచ్చుకుంది. ఆ పేరు ఊరికే రాలేదు. ఇంగ్లండ్‌లోని ఒక సరస్సు మీద 'అమెజాన్' అనే చిన్న తెరచాప పడవకు తానే కెప్టెన్నని ప్రకటించుకున్న నాన్సీని చూసి ఎవరు ముచ్చటపడరు? సముద్రపు దొంగలు 'రూత్‌లెస్'గా, అంటే జాలి లేకుండా ఉండాలి కాబట్టి 'రూత్' అన్న సొంత పేరునే వదిలేసుకున్న పిల్ల ఆమె.

అయితే ఈసారి చదువుతుంటే నా దృష్టంతా రెండో పడవ 'స్వాలో' మీదే నిలిచింది. అందులో ఒకే ఇంటి పిల్లలు నలుగురు. పెద్దవాడు జాన్ కెప్టెన్. తర్వాతిది సూసన్, మేట్. అంటే కెప్టెన్ తర్వాతి హోదా. ఆ హోదాలో ఆమె చేసే పనులేమిటి? దీవిలో పొయ్యి రాజేయడం, టీ కాచడం, చిన్న తమ్ముడు వేళకు పడుకున్నాడో లేదో చూడటం. వంటిల్లు కూడా పడవెక్కి దీవి దాకా వచ్చేసిందన్నమాట.

టిట్టీ సంగతి మరీ ఆలోచింపజేస్తుంది. ఎదుటివాళ్ల పడవను ముందుగా ఎవరు పట్టుకుంటే వాళ్ల కెప్టెన్ రెండు పడవలకూ అధిపతి అని పిల్లలు పందెం వేసుకుంటారు. ఆ రాత్రి దీవిలో ఒంటరిగా కాపలా ఉన్న టిట్టీ 'అమెజాన్' ఎక్కి, చీకట్లో తెడ్లు వేసుకుంటూ దాన్ని తీసుకుపోతుంది. గెలిపించింది ఆమె. అధిపతి అయింది జాన్. టిట్టీకి దక్కింది మెచ్చుకోలు. రచయితకు ఇందులో వింతేమీ కనిపించలేదు, ఆట నియమం అది. ఇంట్లో, ఉద్యమాల్లో, విశ్వవిద్యాలయాల్లో పని ఒకరిదీ పేరు మరొకరిదీ కావడం చూస్తూనే ఉన్న మనకు ఆ నియమం కొత్తా?

నవల వచ్చిన పదిహేడేళ్లకు, 1947లో, అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం 'ఆప్టిమిస్ట్' అనే డింగీని తయారు చేశాడు. సుమారు 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల బరువు, ఒకటే తెరచాప. పోటీలో అందులో కూర్చునేది ఒక్కరే. 15 ఏళ్ల వయసు దాకా ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే పందెంలో దిగుతారు. ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో తెరచాప తాడు. గాలి మారితే ఎటు తిప్పాలో ఆ పిల్లే తేల్చుకోవాలి. బోల్తాపడితే అడుగున ఉండే పలక మీద బరువు వేసి పడవను లేపుకోవాలి, నీళ్లు తోడుకోవాలి. ఇందులో మేట్ అనే హోదాకు చోటు లేదు. ఇక్కడ టిట్టీ గెలిస్తే ఆ గెలుపు టిట్టీ పేరు మీదే ఉంటుంది.

నీళ్ల మీద సంగతి ఇది. గట్టు మీద నియమాలు అంత తొందరగా మారవు. సెయిలింగ్‌లో ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి భారతీయ మహిళ నేత్రా కుమనన్. అది 2021లో గానీ జరగలేదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 17 ఏళ్ల నేహా ఠాకూర్ బాలికల ఐఎల్‌సీఏ-4 విభాగంలో రజతం గెలిచింది. అదీ ఒక్కరే నడిపే డింగీయే. వార్తల్లో ఆమె 'రైతు కూతురు' అయింది. ఆ మాటలో గౌరవం ఉంది, కాదనను. కానీ రోజుల తరబడి సాగిన పందాల్లో ఆమె గాలిని ఎలా చదివిందో, ఏ మలుపులో ఏ నిర్ణయం తీసుకుందో తెలుసుకోవాలనిపించదా? తండ్రి వృత్తితో మొదలైన కథ ఆమె తెలివిదాకా రాకుండానే ముగిసిపోతే, పతకం మెడలో ఉన్నా ఆమెను మళ్లీ మేట్‌ను చేసినట్టే.

మన హుస్సేన్ సాగర్ మీదా ఆప్టిమిస్ట్ పోటీలు జరుగుతున్నాయి. ఆ పడవల్లో ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్ల గురించి మనం కథలు రాసేటప్పుడు ఎవరి కూతురో తర్వాత చెప్పుకోవచ్చు. ముందు ఆ రోజు గాలి ఎటు తిరిగిందో, ఆమె ఏం చేసిందో రాద్దాం.