పాత సిస్టంకు ఫ్లాష్ కార్డు

పాత కంప్యూటర్‌లో సాధారణంగా ముందుగా చెడిపోయేది హార్డ్ డిస్క్. ఫ్యాన్లు పక్కనపెడితే, మిగతా సిస్టంలో కదిలే భాగాలు దాదాపు లేవు. డిస్కులో మాత్రం నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే పళ్లేలుంటాయి, వాటికి తగలకుండా సన్నటి గాలిపొర మీద తేలే హెడ్డు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ బేరింగు అరుగుతుంది, హెడ్డు దారి తప్పుతుంది, టక్ టక్ మని చప్పుడు మొదలవుతుంది. ఆ డిస్కు తీసేసి, దాని చోట కదిలే భాగమే లేని ఫ్లాష్ మెమరీని బిగించి, సిస్టంను ఉన్నది ఉన్నట్టు నడిపించడమే ఈ పని.

కొత్త సిస్టం కొనుక్కుంటే పోదా అనిపిస్తుంది. పోదు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లతో లారీ మిర్యాలగూడ మిల్లుకు పోతూ ధర్మకాంటా ఎక్కుతుంది. అక్కడి ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టు ద్వారా బరువు అందుకుని, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద చీటీ కొట్టే ప్రోగ్రాం డాస్ కాలం నాటిదైతే, దానికి కావలసిన పోర్టులు నేటి బోర్డుల మీద చాలావరకు ఉండవు. సూర్యాపేట, కోదాడ లాంటి ఊళ్లలోని డీటీపీ సెంటర్ల అవసరం ఇంకా లోతైనది. యూనికోడ్ వాడకంలోకి రాకముందు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కట్టిన పేజీ ఆ ఫాంట్లున్న సిస్టంలోనే తెలుగుగా కనిపిస్తుంది. ఇంకో చోట తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా పరుచుకుంటాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత మరో పెద్ద వెర్షన్ రాలేదు. పెద్దమ్మాయి పెళ్లికార్డు మ్యాటర్ తెరిచి, పేర్లూ ముహూర్తమూ మార్చి చిన్నమ్మాయి పెళ్లికి కొట్టించుకునే ఇళ్లకు, ఆ ఫైలున్న సిస్టం బతికుండటం చిన్న విషయం కాదు.

మొదటి పని స్క్రూడ్రైవర్‌తో కాదు, కాపీతో. చప్పుడు చేస్తున్న డిస్కు మీద స్కాన్‌డిస్క్, డీఫ్రాగ్ నడపడం దాని చివరి ఊపిరిని పిండేయడమే. సిస్టంలో పదేపదే బూట్ చేయడమూ అంతే. డిస్కును విప్పి వేరే సిస్టంకు తగిలించి, లైనక్స్‌లోని డీడీరెస్క్యూ లాంటి ప్రోగ్రాంతో సెక్టార్ వెంట సెక్టార్ ఇమేజ్ తీయాలి. అది బాగున్న భాగాలను ముందు తీసుకుని, మొండికేసిన సెక్టార్ల దగ్గరికి తర్వాత వస్తుంది. ఇలా తీసిన కాపీలో పార్టిషన్ సీరియల్ నంబరు కూడా పాతదే ఉంటుంది కాబట్టి, దాన్ని నేరుగా కార్డు మీద రాస్తే, ఆ నంబరు చూసి పనిచేసే బిల్లింగ్ ప్రోగ్రాంలు కొత్త కార్డులోనూ తెరుచుకుంటాయి. ఇమేజ్ చేతికొచ్చేదాకా కార్డు జోలికి పోకూడదు. ఈ పనిలో తిరిగిరాని నష్టం జరిగేది ఇక్కడే.

కార్డుల్లో పాత సిస్టంకు బాగా కుదిరేది కాంపాక్ట్‌ఫ్లాష్. 1994లో శాన్‌డిస్క్ తెచ్చిన ఈ కార్డుకు పాత హార్డ్ డిస్కులు మాట్లాడే ఐడీఈ భాష పుట్టుకతోనే వచ్చు. అందుకే దాని అడాప్టర్‌లో చిప్ ఏదీ అక్కర్లేదు, 50 పిన్నులను 40 పిన్నులకు కలిపే తీగలు చాలు. ఎస్‌డీ కార్డుకు మధ్యలో అనువదించే చిప్ కావాలి, సాటా ఎస్‌ఎస్‌డీకీ అంతే. ఎక్స్‌పీ నడిచే, కాస్త తర్వాతి కాలపు సిస్టంకు ఎస్‌ఎస్‌డీ నప్పుతుంది. డాస్, విండోస్ 98 సిస్టంలకు కాంపాక్ట్‌ఫ్లాష్‌ను మించింది లేదు. ఊళ్లో దొరక్కపోతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతకాలి. డబ్బు పెట్టాల్సింది వేగం మీద కాదు, నాణ్యత మీద. సెకనుకు 16.6 మెగాబైట్లకు మించి అందుకోలేని పాత పోర్టుకు 150 మెగాబైట్ల వేగం గల కార్డు ఇచ్చి ప్రయోజనం లేదు.

ఎంత సైజు కార్డు పెట్టాలన్నది సిస్టం ఎంతవరకు లెక్కపెట్టగలదన్న దాన్ని బట్టి ఉంటుంది. 1994కు ముందటి చాలా బయోస్‌లు 1,024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు దాటి లెక్కించలేవు. సెక్టార్‌కు 512 బైట్ల చొప్పున గుణిస్తే 52,84,82,304 బైట్లు, అంటే 504 మెగాబైట్లు. ఆ సిస్టంలో 4 జీబీ కార్డు పెడితే 504 మెగాబైట్లే కనిపించవచ్చు, లేదా బూట్ కాకుండానే ఆగిపోవచ్చు. తర్వాతి కాలపు బోర్డులకు 8.4 జీబీ దగ్గర ఒక గోడ, 1999 ప్రాంతం వరకు వచ్చిన కొన్నింటికి 32 జీబీ దగ్గర ఇంకొకటి, ఆపైన 137 జీబీ దగ్గర మరొకటి. డాస్ 6.22 అయితే ఒక పార్టిషన్‌కు 2 జీబీకి మించి ఇవ్వదు. ధర్మకాంటా సిస్టంకు 2 జీబీ కార్డే ధారాళం.

ఇక బిగింపు. మిల్లు దగ్గరి సిస్టం మూత తీస్తే ఊక దుమ్ము, తవుడు పొడి మెత్తగా పేరుకుని ఉంటాయి. బ్లోయర్ కొట్టి, ఫ్యాన్ రెక్కలు చేత్తో పట్టుకుని శుభ్రం చేయాలి. ఐడీఈ కేబుల్‌కు ఒక అంచున ఉన్న ఎర్ర చార ఒకటో పిన్ను వైపు రావాలి. కొన్ని కేబుళ్లలో 20వ రంధ్రం మూసి ఉంటుంది. అడాప్టర్‌కు ఆ చోట కూడా పిన్ను ఉంటే కేబుల్ మార్చాలి తప్ప బలవంతంగా నొక్కకూడదు. కార్డును ఏటవాలుగా తోస్తే వెంట్రుకల్లాంటి పిన్నులు వంగిపోతాయి. అడాప్టర్ మీది జంపర్‌ను మాస్టర్ స్థానంలో పెట్టి, ఆ కేబుల్ మీద కార్డు ఒక్కదాన్నే ఉంచితే సగం తగాదాలు పుట్టవు. కరెంటు ఉండగా కార్డు లాగడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

కొత్త లాప్‌టాప్‌లో రీడర్ పెట్టి తయారుచేసిన కార్డు పాత సిస్టంలో బూట్ కాకపోవడం మామూలే, రెండూ సిలిండర్ల లెక్క వేరుగా వేసుకుంటాయి. సీరియల్ నంబరు చూసే ప్రోగ్రాం లేనప్పుడు పార్టిషన్ కొట్టడం, ఫార్మాట్ చేయడం పాత సిస్టంలోనే చేసి, ఫైళ్లను ఇమేజ్‌లోంచి తెచ్చుకోవడం మేలు. కెమెరాలో వాడిన కార్డులో బూట్ కోడ్ ఉండదు. డాస్ ఎక్కించాక కూడా తెర నల్లగానే నిలబడితే ‘ఎఫ్‌డిస్క్ /ఎంబీఆర్’ కొట్టి, పార్టిషన్ యాక్టివ్ చేయాలి. ఎక్స్‌పీలో తంటా ఇంకో రకం. చాలా కార్డులు తమను తీసి పెట్టుకునే డిస్కులుగా చెప్పుకుంటాయి, అలాంటి డిస్కు మీద ఎక్స్‌పీ ఒక్క పార్టిషన్‌నే గుర్తిస్తుంది. ఫిక్స్‌డ్ డిస్కుగా చెప్పుకునే ఇండస్ట్రియల్ కార్డు తెచ్చుకోవాలి. డీఎంఏ తీగలు లేని చవక అడాప్టర్ అయితే విండోస్ లోగో దగ్గరే కొయ్యబారవచ్చు. పైగా ఎక్స్‌పీ మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది. 8 సెక్టార్లకో పేజీగా రాసే ఫ్లాష్ మీద అప్పుడు ఒక్కో రాత రెండు పేజీలను తాకుతుంది. పార్టిషన్‌ను 2,048వ సెక్టార్ దగ్గర మొదలయ్యేలా ముందే కొట్టుకుంటే ఆ అరుగుదల తగ్గుతుంది. ర్యామ్ సరిపడా ఉంటే పేజ్ ఫైల్ కూడా ఆపేయవచ్చు.

మేలో 45 డిగ్రీల ఎండకు బాక్సు లోపల ఇంకా కాగుతుంది. మామూలు హార్డ్ డిస్కు 60 డిగ్రీల లోపే పనిచేయాలి, మామూలు కాంపాక్ట్‌ఫ్లాష్ 70 వరకు, ఇండస్ట్రియల్ కార్డు 85 వరకు తట్టుకుంటాయి. ఫ్లాష్‌కు అసలు శత్రువు రాస్తుండగా పోయే కరెంటు, కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. మూత వేసేముందు సీమాస్ సెల్లు మార్చాలి. 486 కాలపు బోర్డుల మీది పీపా ఆకారం నికెల్ కాడ్మియం బ్యాటరీ కారితే రాగి దారులనే తినేస్తుంది, అది కనబడిన రోజే కత్తిరించి తీసేయాలి. తీసిన పాత డిస్కును తుక్కులో వేయకుండా, మీద తేదీ రాసి, పొడిగా ఉండే చోట దాచాలి. ఫైళ్ల ఇంకో కాపీ వేరే డిస్కులో ఉండాలి. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడున్న ఫ్లాష్ కార్డు తనలో రాసింది కొంచెం కొంచెంగా మరిచిపోతుంది.