వాననీరు, పురపాలన: ఒక మార్గదర్శక గ్రంథ విమర్శ

2000 ఆగస్టులో హైదరాబాదు బేగంపేటలో ఒక్క దినమున సుమారు 24 సెంటీమీటర్ల వర్షము కురిసి పల్లపు బస్తీలు మునిగినవి. 2005 జూలై 26న బొంబాయి శాంతాక్రజ్‌లో 94 సెంటీమీటర్లు కురిసి నగరము స్తంభించినది. ఇట్టి అనుభవముల తరువాత జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లో నగర వరదలపై ఒక మార్గదర్శక గ్రంథము వెలువరించినది. మునిసిపాలిటీలు వాననీటిని ఎట్లు నిర్వహింపవలెనో ఇందు వివరింపబడినది.

నగర వరదను నదీ వరదనుండి వేరుచేసి చూచుట ఈ గ్రంథమునకు గల ప్రధాన గుణము. నీటికి వార్డు హద్దులు తెలియవు. కనుక పరీవాహక ప్రదేశమే ప్రణాళికకు ప్రాతిపదిక కావలెనని ఇందు చెప్పిరి. నాలుగు చదరపు కిలోమీటర్లకొక వర్షమాపకము ఉంచుట, ఏటా మార్చి 31లోగా పెద్ద కాలువలలో పూడిక తీయుట అనునవి ఆచరణయోగ్యమైన సూచనలు.

అయితే ఒక చిక్కు కలదు. కురిసిన వానలో ఎంత భాగము నేలపై పారునో తెలుపు సంఖ్యను ప్రవాహ గుణకమందురు. ఒక హెక్టారుపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో లక్ష లీటర్ల నీరగును. గుణకము 0.3 అయినచో అందు 30,000 లీటర్లే కాలువ చేరును. తక్కినది నేలలో ఇంకును. గ్రంథమో, ఇకపై కట్టు కాలువలన్నింటిని 0.95 వరకు గుణకముతో కట్టుమన్నది. అనగా 95,000 లీటర్ల వరకు! ఇంజనీరు దృష్టిలో ఇది ముందుజాగ్రత్తయే. కాని ఇదే గ్రంథము ఉద్యానవనములలో వాన ఇంకుటకు తోటలు వేయుమని కూడ చెప్పుచున్నది. అట్లు ఇంకించిన నీటికి లెక్కలో తగ్గింపు లేనిచో ఏ మునిసిపాలిటీ దానికై డబ్బు వెచ్చించును?

రెండవ లోపము కాలుష్యమునకు సంబంధించినది. తొలకరి జల్లు వీథులపైనున్న నూనె, టైర్ల పొడి, పేడ, చెత్త కడిగి తెచ్చును. దానికి మురుగు తోడైనచో కాలువ చెరువును చంపును. హుస్సేన్‌సాగరమునకు కూకట్‌పల్లి నాలా చేసిన కీడే దీనికి నిదర్శనము. గ్రంథము నీటి పరిమాణముపై చూపిన శ్రద్ధను దాని గుణముపై చూపలేదు. అమెరికాలో 1987 నాటి చట్టసవరణ వాననీటి కాలువలను కూడ అనుమతి పత్రముల క్రిందకు తెచ్చినది. 1990 నాటి నియమములు లక్ష జనాభా దాటిన పట్టణములతో ఆరంభమైనవి. అచట కాలువ చివర వెలువడు నీటి కాలుష్యమును తగ్గించుటకు స్థానిక ప్రభుత్వము బాధ్యత వహింపవలెను.

వరదను త్వరగా సాగనంపుట సగము పనియే. పారు నీటిని తగ్గించుట, పారినదానిని శుభ్రముగా చెరువు చేర్చుట మిగిలిన సగము. ఈ గ్రంథమును సంస్కరించునపుడు ఆ సగమునకు కూడ అంకెలు, గడువులు, బాధ్యులు ఏర్పడవలెను.